సక్రమ్మ మాట కోసం మిర్యాలగూడ దాకా

గోదావరి వైపు మా రామచంద్రపురం వాళ్లకు సూర్యాపేట అంటే హైదరాబాదు వెళ్లే దారిలో బస్సు టీకి ఆగే ఊరు. దిగి కాళ్లు సాగదీసుకుంటారు, టీ తాగుతారు, మళ్లీ ఎక్కుతారు. నాకూ అంతవరకే తెలుసు. కిందటి కార్తీకంలో మాత్రం మా ఆయనా నేనూ ఆ ఊరికే పనిగట్టుకుని వెళ్లాం. అక్కడి ప్రభుత్వ శిశు గృహలో పెరుగుతున్న ఐదేళ్ల పాపను దత్తత తెచ్చుకోవడానికి. పాప పేరు మార్చి ఇక్కడ సిరి అని రాస్తున్నాను. మిగిలినవన్నీ జరిగింది జరిగినట్టే.

దత్తతకు పేరు నమోదు చేసుకున్నాక మా వంతు రావడానికి ఏళ్లు పట్టింది. చివరికి ఒకరోజు పాప ఫొటో వచ్చింది. రెండు జడలు, నుదుటి మీద చిన్న మచ్చ, నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న మొహం. బంధువులు తలో మాటా అన్నారు. ఐదేళ్లొచ్చిన పిల్లకు ఊహ తెలుస్తుంది, మిమ్మల్ని అంటుకోదు, నెలల పిల్ల దొరికేదాకా ఆగండి అన్నవాళ్లే ఎక్కువ. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఊహ తెలిసిన పిల్లలతోనే నా బతుకంతా గడిచింది కాబట్టి ఆ మాటకు భయపడలేదు. భయం వేరే ఉంది. ఆ పిల్లకు మేం నచ్చకపోతే?

కోదాడ

రాజమండ్రిలో ఎక్కిన బస్సు కోదాడ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఒక్కసారిగా సూర్యాపేటలో దిగి ఆఫీసుకు పరుగెత్తడం ఇష్టం లేక, ఆ పూటకు అక్కడే ఆగాం. రోడ్డంతా మేళ్లచెరువు వైపు నుంచి వచ్చే సిమెంటు లారీలు. లాడ్జి గదిలో కిటికీ రెక్క మీద కూడా సన్నటి బూడిదరంగు పొడి.

లాడ్జి కింద ఒక మెస్ ఉంది. దాన్ని నడిపే ఆవిడ వడ్డిస్తూ "పుంటికూర పప్పు వెయ్యమంటారా?" అని అడిగింది. మా ఆయన అదేం కూరో తెలియక వద్దన్నారు. పక్క విస్తట్లో చూస్తే గోంగూర. మళ్లీ పిలిచి వేయించుకున్నారు. దాంతోపాటు వచ్చిన పచ్చిపులుసు మాకు కొత్త. చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిరప నలిపి, పొయ్యి ఎక్కించకుండానే పోసేస్తారు. మా వైపు పులుసంటే ముక్కలు వేసి, బెల్లం వేసి, మరిగి మరిగి చిక్కబడాల్సిందే. ఇది నాలుక మీద జివ్వుమంది. రెండోసారి అడిగి పోయించుకున్నాను. భోజనం ధర మా ఊళ్లో కంటే బాగా తక్కువ.

జనం పలచబడ్డాక ఆవిడ మా బల్ల దగ్గరే కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను. చెప్పకుండా ఉండలేని స్థితిలో ఉన్నాను ఆ రోజు. ఆవిడ మొహం విప్పారింది. తన అక్క కూతురికి పదో తరగతిలో ఉండగానే పెళ్లి పెట్టుకున్నారట. ఎవరు చెప్పారో ఏమో, సూర్యాపేట నుంచి పిల్లల ఆఫీసు వాళ్లు వచ్చి పెళ్లి ఆపించారట. పందిరి వేసిన ఇల్లు అలాగే ఉండిపోయింది. ఆమె అక్క వాళ్లను తిట్టని తిట్టు లేదట.

"ఇప్పుడా పిల్ల నర్సింగు చదువుతుంది. మా అక్క ఆ ఆఫీసు మేడాన్ని పండక్కి ఇంటికి పిలుసుకుంది, సూడండి" అని నవ్వింది. లేస్తూ నాకొక సలహా ఇచ్చింది. "పిల్లని సూడంగానే ఎత్తుకోబోకండి. ఊరికే దాని పక్కన కూచోండి. అదే వస్తది."

హైవే మీద దిగిన ఉదయం

మర్నాడు ఎక్కిన బస్సు ఊళ్లోకి వెళ్లదన్న సంగతి మాకు తెలీదు. సూర్యాపేట బయట హైవే మీద దించేసి వెళ్లిపోయింది. దిగే తొందరలో మా ఆయన చెప్పు తెగింది. ఒక చేతిలో చెప్పు, ఇంకో చేతిలో పిల్లకని కొన్న పెద్ద బొమ్మ పట్టుకుని ఆయన రోడ్డు పక్కన నిలబడితే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

చివ్వెంల నుంచి వస్తున్న ఒక ఆటో ఆగింది. వెనక సీట్లో కూరగాయల గంపలున్నాయి. డ్రైవరు నడివయసు మనిషి, గంపలు సర్ది మాకు చోటిచ్చాడు. శిశు గృహ అనగానే దారి అడగలేదు. కిందటేడు ఒక పొద్దున బస్టాండులో గుడ్డలో చుట్టి వదిలేసిన పసిగుడ్డును పోలీసులతో కలిసి తన ఆటోలోనే తీసుకెళ్లానని చెప్పాడు. ఆ పిల్ల ఇప్పుడెలా ఉందో అడగమని నాతో అన్నాడు. శిశు గృహలో నేను అడిగాను కూడా. ఆ వివరాలు బయటివాళ్లకు చెప్పకూడదట. బాగుందని మాత్రం చెప్పండి, సంతోషపడతాడు అన్నారు. దిగేటప్పుడు అతని నంబరు తీసుకుని ఉండడం మేలైంది. ఆ మాట అతనికి ఫోనులో చెప్పాను. "మంచిది మేడం" అన్నాడు.

శిశు గృహలో

ఆఫీసంటే నేను బల్లలూ బీరువాలూ ఊహించుకున్నాను. గేటు లోపల మొదట కనిపించింది తాడు మీద ఆరేసిన బుల్లి లాగులు, అంగీలు. లోపల గదిలో వరసగా ఊయలలు, రాగిజావ వాసన. అక్కడి సోషల్ వర్కరు సుజాత సన్నగా, గట్టి గొంతుతో ఉండే మనిషి. మా ఇద్దరికీ మంచినీళ్లిచ్చి, ముందు ఊపిరి పీల్చుకోమంది.

సిరి తనంతట తానే నడిచి వచ్చింది. "నమస్తే మేడం, నమస్తే సార్" అంది. కోదాడ ఆవిడ మాట గుర్తు పెట్టుకుని నేను చేతులు ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చున్నాను. మేం తెచ్చిన గౌను సుజాత వేస్తే అది పాదాల కిందకి జారింది. బొమ్మ ఇస్తే రెండు చేతులా తీసుకుని, నేరుగా ఊయలల గదిలోకి వెళ్లి ఒక పసిపిల్ల పక్కన పడుకోబెట్టి వచ్చింది. "గా చిన్నపాప ఏడుస్తది" అని కారణం చెప్పింది. అడిగినవాటికి జవాబిచ్చింది. రంగులు చెప్పింది, పాట పాడింది. మా ఆయన వేళ్లతో కుందేలు చేస్తే కొంచెం నవ్వింది. పూట గడిచేసరికి అంతా బాగానే ఉందనుకున్నాం.

అప్పుడు సుజాత పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, రేపు అమ్మానాన్నలతో మీ ఇంటికి పోతావు అని చెప్పింది. ఈ మాట ఆమె వారం రోజులుగా చెబుతూనే ఉందట. సిరి విన్నది. తల అడ్డంగా ఊపింది.

"నేను రాను. యాడీ వచ్చేదాక ఎటూ పోనని చెప్పిన."

కేకల్లేవు, ఏడుపు లేదు. మాకు టైము చెప్పినంత మామూలుగా చెప్పింది. యాడీ ఎవరని అడిగాను. ఇక్కడి ఆయా సక్రమ్మ. లంబాడీ మనిషి. సిరి రెండేళ్ల పిల్లగా ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ ఆమే సాకింది. యాడీ అంటే వాళ్ల భాషలో అమ్మ అని సుజాత చెప్పింది. కూతురి కాన్పు కోసం సక్రమ్మ సెలవు మీద వెళ్లింది. వెళ్లేటప్పుడు పిల్ల వెంటపడితే, నేనొచ్చేదాక ఎటూ పోకు అని బుజ్జగించి వెళ్లింది. మా ఉత్తర్వులు ఆ తర్వాత వచ్చాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఫోన్ కలిపారు. అవతల సక్రమ్మ ఏదో చెప్పింది. సిరి శ్రద్ధగా విని, ఫోను సుజాతకు తిరిగి ఇచ్చేసింది. "యాడీ ఇంక రాలే" అంది. ఫోనులో మాట రావడం, మనిషి రావడం ఒకటి కాదు కదా.

సంతకాలన్నీ అయిపోయాయి. మేం పిల్లను ఎత్తుకుని బయలుదేరితే ఆపేవాళ్లు లేరు. మా అత్తగారు ఫోనులో అదే అన్నారు, రెండు రోజులు ఏడ్చి మరిచిపోతుందని. నిజం చెప్పాలంటే నాకూ ఆ ఆలోచన వచ్చింది. మూడేళ్లు సాకిన మనిషి ఎదట నన్ను నిలబెట్టి ఎంచుకోమంటే పిల్ల ఎవర్ని ఎంచుకుంటుందో చెప్పడానికి లెక్కలు అక్కర్లేదు. శిశు గృహ మేనేజరు నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ. ఆవిడ మా మొహాలు చూసి ఇలా అంది:

"ఏడ్చుకుంట పోయిన పిల్ల నిద్రల ఉలిక్కిపడుతది మేడం. జర ఓపిక పట్టండ్రి. మనం ఇచ్చిన మాటను మనమే తప్పితే, ఇగ రేపు మీ మాట మీదనైనా దానికి నమ్మకం ఎట్ల ఉంటది?"

పిల్లను సక్రమ్మ దగ్గరికే తీసుకెళ్లాలనుకున్నాం. ఆవిడ పై అధికారికి ఫోను చేసి అనుమతి తీసుకుంది. సక్రమ్మ కూతురి ఇల్లు మిర్యాలగూడ దగ్గర వేములపల్లి దాటాక ఒక తండాలో ఉంది. సుజాత మాతో వస్తుంది. పిల్ల అక్కడ ఒప్పుకుంటే మిర్యాలగూడలోనే రైలెక్కుతాం. ఒప్పుకోకపోతే సుజాతతో తిరిగి వస్తుంది, మేం మళ్లీ రావాలి. తిరుగు ప్రయాణానికి ముందే తీసుకున్న టికెట్లు రద్దు చేసుకున్నాం.

సూర్యాపేట బజారు

ఆ సాయంత్రం సుజాత మమ్మల్ని బజారుకు తీసుకెళ్లింది. దుకాణంలో "గింత ఉంటది" అని తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించి గౌను ఎంచింది. సరిగ్గా సరిపోయేదే. మా ఆయన చెప్పు కుట్టించుకున్నారు. బండి దగ్గర దోశ తిన్నాం. కొబ్బరి చట్నీ అడిగితే బండాయన విచిత్రంగా చూసి పల్లీ చట్నీ పోశాడు. కోనసీమ పక్కన పుట్టినదానికి కొబ్బరి లేని దోశ బోసిగా ఉంటుందనుకున్నాను. లేదు. వెల్లుల్లి ఘాటుతో అది వేరే రుచి.

సుజాత రేషన్ డిపో దగ్గరి సంగతుల్లా మామూలుగా తన పని చెబుతూ నడిచింది. తప్పిపోయిన పిల్లల్ని ఇళ్లకు చేర్చడం, బడి మానేసి మిల్లుల్లో పనికి పోయిన వాళ్లను వెనక్కి తేవడం, తాగొచ్చి కొట్టే తండ్రులతో మాట్లాడటం. ఇంత చేసి మనసుకు ఎలా ఉంటుందని అడిగాను. పిల్ల కొత్త ఇంటికి పోయిన రోజు తమ ఆయాలెవరికీ బువ్వ సయించదని, మర్నాటికి ఊయలలో ఇంకో పిల్ల ఉంటుందని అంది.

మిర్యాలగూడ దారి

మర్నాడు పొద్దున బస్సెక్కాం. వరికోతల కాలం. రోడ్డుకు ఒక పక్కన బారుగా వడ్లు ఆరబోసి ఉంటే బస్సు రెండో పక్క నుంచి జాగ్రత్తగా పోతోంది. సాగర్ కాలువ నీళ్లు పారిన పొలాలు మా డెల్టాను గుర్తు చేశాయి. అయితే మా గట్ల మీద కొబ్బరి చెట్లుంటాయి, ఇక్కడ తాటిచెట్లు, మధ్యమధ్య గుండ్రాళ్ల గుట్టలు.

సిరి సుజాత ఒళ్లో కిటికీ పక్కన కూర్చుంది. నేను వాళ్ల పక్కన. "గదేంది?" అని ప్రతిదీ అడుగుతోంది, సుజాతను. నాకు జవాబు తెలిసినవి కూడా ఉన్నాయి. నోరు మూసుకున్నాను. సగం దారిలో పిల్ల మొహం పాలిపోయింది. నేను చెయ్యి చాపేలోపే నా చీర మీద వాంతి చేసుకుంది. కళ్లు పెద్దవి చేసి నన్ను చూసింది.

"సారీ మేడం" అంది.

ఈ ప్రయాణంలో నన్ను బాగా కదిలించినవి ఆ రెండు మాటలు. మిర్యాలగూడ బస్టాండులో కుళాయి దగ్గర ముందు పిల్ల మూతి కడిగాను, చేతులు కడిగాను, తర్వాత నా కుచ్చిళ్లు. అంతవరకూ నేను పిల్లను తాకలేదు. తడిచెయ్యి నా చేతిలో అలాగే ఉంచింది. మా ఆయన నిమ్మసోడా తెచ్చారు. గ్యాసు ముక్కుకెక్కి పిల్ల తుమ్మింది. ఊరంతా రైసుమిల్లుల నుంచి వచ్చే ఉడికిన వడ్ల వాసన. అన్నం వండే ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది, వీధిలో నడుస్తున్నా.

తండాలో

ఆటో తండాలోకి తిరగ్గానే సిరి లేచి నిలబడింది. సక్రమ్మ వాకిట్లోనే ఉంది. యాభై దాటిన మనిషి, చేతుల నిండా గాజులు, ఎండకు మాగిన మొహం. పిల్ల పరుగెత్తి ఆమె నడుముకు చుట్టుకుపోయింది. నేను ఆటో పక్కనే ఆగిపోయాను. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

లోపల మంచం మీద సక్రమ్మ కూతురు, పక్కన గుడ్డల్లో ఎర్రటి పసికందు. సిరి ఆ పసికందును చాలాసేపు చూసింది. వేలితో అరికాలు తాకింది. సక్రమ్మ మాకు పీటలు వేసి, జొన్నరొట్టెలు చేసి, కోడికూర వడ్డించింది. రొట్టె విరిచి కూరలో ముంచి సిరికి పెడుతూనే నాతో మాట్లాడింది. గుడ్డులో పసుపు ముందు తింటది, తెల్లది తర్వాత. తానం చేయించేటప్పుడు తలుపు ముయ్యొద్దు. నిద్రొస్తే మన చెవి తమ్మె పట్టుకుంటది, విడిపించొద్దు. కోపమొస్తే మాట్లాడదు, అడగొద్దు, పక్కన కూచోవాలె. పాఠం అప్పజెప్పినట్టు నేను ప్రతిదానికీ తలూపాను.

తిన్నాక ఆమె పిల్లను ఎదురుగా నిలబెట్టుకుంది.

"నేనొచ్చేదాక ఎటూ పోకన్న గద బిడ్డా?"

సిరి తలూపింది.

"నువ్వు పోలే. మాట నిలబెట్టుకున్నవ్. ఇగ నేనే చెప్తున్న. ఈ అమ్మ ఎంబడి పో."

"నువ్వు?"

"నాకు గీడ ఈ చంటిదాని పని ఉన్నది. తర్వాత మళ్ల గాడ పిల్లలున్నరు. నీకేమో ఇల్లొచ్చింది."

సిరి మంచం మీది పసికందు వైపు చూసింది, సక్రమ్మ వైపు చూసింది. "ఫోన్ జేస్తవా?" అని అడిగింది. చేస్తానంది సక్రమ్మ. సుజాత వైపు తిరిగి, చెయ్యొచ్చునా అని కళ్లతోనే అడిగింది. వీళ్లు సరేనంటే చెయ్యొచ్చని సుజాత నన్ను చూపించింది. ఎన్నిసార్లైనా చెయ్యమన్నాను.

బయలుదేరేముందు సక్రమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి, కొంగు పట్టమని, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో నా ఒడిలో పోసింది. ఒడిబియ్యమట. ఈ వైపు పుట్టింటి నుంచి వెళ్లే ఆడపిల్లకు పోస్తారు. మా వైపు సారె పెడతారు గానీ ఇలా ఒళ్లో బియ్యం పోయించుకోవడం నాకు మొదటిసారి. నాకు తల్లి లేదు. ఆ సంగతి ఆమెకు తెలీదు. వంగి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టుకున్నాను. ఆమె కంగారుపడి నన్ను లేపి, నీళ్లు తెస్తానని ఇంటి వెనక్కి వెళ్లింది. తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో నీళ్లు లేవు, అడిగిన వాళ్లూ లేరు.

ఆటో కదిలాక సిరి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. తండా కనుమరుగయ్యాక ముందుకు తిరిగి కూర్చుని ఏడ్చింది. నేను ఏమీ అడగలేదు, పక్కన కూర్చున్నాను.

రైలు

మిర్యాలగూడ స్టేషన్లో సుజాత మమ్మల్ని సీట్ల దాకా ఎక్కించింది. పిల్ల రెండు చెంపలూ నిమిరి, మళ్లీ ఒకసారి చూడకుండా దిగిపోయింది. ఆమెకు థాంక్స్ అన్నాను. అది ఎంత చిన్న మాటో అప్పుడే తెలిసింది. జీతానికి చేసే పనేగా అని సర్కారు ఉద్యోగుల గురించి మనం తేలిగ్గా అనేస్తాం, నేనూ సర్కారు ఉద్యోగినే అయినా. ఒక పసిదాని మాట నిలబెట్టడానికి ఒక జిల్లా ఆఫీసు తన పని వాయిదా వేసుకుని మరో జిల్లా దాకా రావడం నేను కళ్లారా చూశాను.

రైలు కృష్ణ దాటుతుంటే సిరి నన్నే అడిగింది, "గిన్ని నీళ్లు యాడికి పోతయి మేడం?" అని. సముద్రంలోకని, సముద్రం మన ఊరికి దగ్గరేనని చెప్పాను.

ఇంటికొచ్చాక

మొదటి రోజుల్లో సిరి మా ఇంట్లో చుట్టానికి మల్లే మెలిగింది. పెట్టింది తినేది, తిన్న కంచం కడిగేది. మా అత్తగారు ఉల్లిపాయ అంటే తను ఉల్లిగడ్డ అనేది, ఇద్దరూ ఒకరినొకరు దిద్దుకునేవారు. నన్ను మేడం అనే పిలిచేది. బడిలో అందరూ నన్నలాగే పిలుస్తారు కాబట్టి చెవికి కొత్తగా ఉండేది కాదు. అలా పిలవొద్దని నేను చెప్పలేదు.

సక్రమ్మ ఆదివారాలు ఫోను చేసేది. ఒకసారి నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. హాల్లో సిరి ఫోనులో మాట్లాడుతోంది. సముద్రం చూసిన కథ, కొత్త బడి కథ, మా మామగారి గొడుగు తను విరగ్గొట్టిన కథ. అవతల నుంచి ఇంకా ఏవో ప్రశ్నలు. ఇంతలో సిరి అనడం వినపడింది:

"ఇగ పెడ్తున్న యాడీ. అమ్మ పిలుస్తున్నది."

నేను పిలవలేదు. గిన్నె చేతిలో అలాగే పట్టుకుని, చప్పుడు కాకుండా కుళాయి కట్టేశాను.